రెండు వేళ్ళ మార్జిన్

ఆ సోమవారం నాటికి నా బూట్లు మా దుకాణంలో, ఎవరూ తీసుకెళ్ళని బట్టలు తగిలించే కొక్కేనికి వేలాడుతున్నాయి. ఒక లేసుకి టోకెను చీటీ పిన్ను చేసి ఉంది. చేసింది మా మామగారు, అందరూ మాస్టరు అని పిలిచే దర్జీ. ఆదివారం పొద్దున్న వాటర్ వర్క్స్ ప్రహరీ చుట్టూ ఇరవై చుట్లు పరిగెత్తి, ఊపిరాడక రోడ్డు పక్కన నేను కూలబడితే, ఆయన గడియారం చూసి "రెండు గంటల ముప్పై మూడు" అన్నారు. మూడు నిమిషాలు ఎక్కువ. ఇరవై కిలోమీటర్లు రెండున్నర గంటల్లో పూర్తి చేయకపోతే పోటీ ఫారం ఇవ్వనని నలుగురి ముందూ నోరు జారింది నేనే. బూట్లు విప్పి ఆయన చేతిలో పెట్టిందీ నేనే.

ఆ పోటీ ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఫారం ఇవ్వడానికి ఆఖరి గడువు మంగళవారం సాయంత్రం ఐదు గంటలు. ఇక ఒక్క రోజే ఉంది. ఫారం నా గుండీల డబ్బా అడుగున నాలుగు మడతల్లో ఉంది. అన్నీ నింపి, సంతకం కూడా పెట్టాను. ఇంకొకరైతే ఇచ్చిన మాట గాలికొదిలి తీసుకెళ్ళి ఇచ్చేసేవాళ్ళు. నాకది చేతకాదు, అదే నా ఏడుపు.

ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాక ఈ పరుగేమిటని అడిగినవాళ్ళకి బరువనీ, ఆరోగ్యమనీ ఏవేవో చెప్పాను. అసలు సంగతి వేరు. పదకొండేళ్ళుగా, పొద్దున్న కళ్ళు తెరిచింది మొదలు, "అమ్మాయ్, గుండీలు", "వదినా, దారం", "ఇదిగో, విన్నావా" అంటూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. పరిగెత్తేటప్పుడు ఎవరూ పిలవరు. పిలిచినా అందను. ఐదు నెలలుగా నాకంటూ ఉన్నది ఆ కాస్త సమయమే. ఆదివారం దాన్ని నా చేతులతో నేనే కొక్కేనికి తగిలించుకున్నాను.

సోమవారం దుకాణంలో అడుగు పెట్టేసరికి మాస్టరు కత్తిరింపు బల్ల మీద స్కూలు యూనిఫాం గుడ్డ పరుస్తున్నారు. మా ఆయన వాకిలి పక్కన ఇస్త్రీ బల్ల దగ్గరున్నాడు. ఆడపడుచు కాజాల మిషను మీద ఉంది. నా తొడలు రెండూ పట్టేశాయి. కుర్చీలో కూర్చోడానికి బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. అది మాస్టరు కంట పడనే పడింది.

"ఏమ్మా, ఒలింపిక్స్ నుంచి ఎప్పుడు దిగావు?" అన్నారు.

"పొద్దుటి బస్సుకి, మామయ్యా. పతకం బరువుకి నడవలేకపోతున్నాను," అన్నాను.

ఆ మాటతో మొదలెట్టారు. గురువారానికి అరవై జతల యూనిఫాంలు ఇవ్వాలిట. ఈ ఐదు నెలల్లో నేను కుట్టిన గుండీల్లో సగం స్కూలు గేటు దగ్గరే ఊడి పడ్డాయిట. ఒంట్లో ఓపిక ఎక్కువైనవాళ్ళు మిషను తొక్కితే ఇంటికి పనికొస్తుందిట. ఆఖర్న నేను కుట్టుకున్న పరుగు ప్యాంటు సంగతి ఎత్తారు. దాన్ని తిరగేసి, వచ్చిన ఖాతాదారులందరికీ సీటు దగ్గర కుట్టు వంకర చూపించిన ఘనత ఆయనదే. నేను పళ్ళు బిగించుకుని సూదిలో దారం ఎక్కించుకున్నాను. మామూలుగా అయితే మాటకి మాట అప్పజెప్పేదాన్ని. ఓడిపోయిన మనిషికి ఆ హక్కు ఉండదని ఆ రోజే తెలిసింది.

మా ఆయన మధ్యలో "పోనీలే నాన్నా, అయిపోయిందిగా" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, మెత్తటి మనిషి. మొదటి నెలలో నాతోపాటే పరుగు మొదలుపెట్టాడు. నాలుగో చుట్టుకి మోకాలు పట్టుకున్నాడు. తర్వాత వారం రెండో చుట్టుకే పట్టుకున్నాడు. అప్పట్నుంచీ నీళ్ళ సీసా, గడియారం పట్టుకుని, రోడ్డు మీద చుట్టు పూర్తయ్యే గీత దగ్గర నిలబడి, నేను దాటిన ప్రతిసారీ "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరిచేవాడు. ఈ ఇంట్లో నా పక్షాన ఒక్క మనిషన్నా ఉన్నాడని ఆ అరుపు విన్నప్పుడల్లా కడుపు నిండిపోయేది.

పదకొండు గంటలకి అద్దాలతను వచ్చాడు. చంకలో పాత దుప్పటి చుట్టిన గాజు పలక, మొహం నిండా చిరాకు. మా షోకేసులో రెండో అరకి గాజు కావాలని మాస్టరు కిందటివారం కొలత రాసిచ్చారు. అతను పలక తీసి అరలోకి దూర్చబోయాడు. అది పట్టలేదు. అడ్డంగా తిప్పాడు, ఏటవాలుగా పెట్టాడు, అయినా పట్టలేదు. కొలతలు రాసిన చీటీ జేబులోంచి తీసి మాస్టరు ముక్కు కింద పెట్టాడు. ముప్పై ఆరున్నర అని స్పష్టంగా మాస్టరు చేతిరాతే. తర్వాత అతను తన ఇనుప టేపుతో అర కొలిచాడు. సరిగ్గా ముప్పై ఐదు.

మాస్టరు ఒంటికాలి మీద లేచారు. నలభై ఏళ్ళుగా కొలతలు తీస్తున్నాననీ, తన టేపు తప్పు చెప్పదనీ, షోకేసు కొయ్యే ఉబ్బి ఉంటుందనీ అన్నారు. అద్దాలతను చీటీ వంకా, బల్ల మీద సుద్దగీతల వంకా, ఆయన వేళ్ళ వంకా చూశాడు. ఏదో అర్థమైనట్టు మెల్లగా నవ్వాడు.

"మాస్టారూ, గాజుకి కూడా మార్జిన్ వదిలారా? మడిచి కుడతారా ఏంటి?"

ఆడపడుచు మిషను ఆపేసి మొహం గుడ్డలో దాచుకుంది. ప్యాంటు కోసం వచ్చి నిలబడిన పోస్ట్‌మాన్ పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మా ఆయన ఒక్కడే నవ్వలేదు. అప్పుడు నేనది పట్టించుకోలేదు, ఎందుకంటే నవ్వు మధ్యలోనే నా చేతిలో సూది ఆగిపోయింది.

దర్జీలు కొలత ఎలా తీస్తారో మీకు తెలుసు కదా. టేపు ఆగినచోట గీత గీయరు. కుట్టులోకి పోయే గుడ్డ కోసం, రేపు ఒళ్ళొస్తే వదులు చేసుకోడానికి, టేపు చివర రెండు వేళ్ళు ఆనించి, ఆ వేళ్ళ అవతల గీస్తారు. ఒకటిన్నర అంగుళం. మాస్టరు చెయ్యి నలభై ఏళ్ళుగా ఆ పని చేస్తోంది. ఇప్పుడు ఆయన్ని అడిగి చేసే స్థితిలో లేదు అది.

వాటర్ వర్క్స్ చుట్టూ ఉన్న రోడ్డు కొలిచింది కూడా ఆ చెయ్యే.

ఐదు నెలల కిందట నేను మా ఆయన ఫోను చూసుకుని పరిగెత్తుతుంటే మాస్టరు మండిపడ్డారు. ఫోను చెప్పిన కొలతకి ప్యాంటు కుడితే వేసుకునేవాడు రోడ్డున పడతాడన్నారు. మెడలో టేపు తీసి, రెండు ఆదివారాలు ఆ రోడ్డు పొడుగునా గొంతుక్కూర్చుని, దేక్కుంటూ అరవై అంగుళాల చొప్పున కొలుచుకుంటూ వెళ్ళారు. ఆడపడుచు వెనకాలే నోటుబుక్కులో గీతలు గీసింది. చుట్టు తిరిగి బయల్దేరిన చోటికి వచ్చేసరికి ఆరువందల యాభై ఆరు టేపులు. అక్కడ పసుపు రంగుతో అడ్డగీత వేసి, "ఇది కిలోమీటరు" అని తీర్పు చెప్పారు. పంతం కోసం చేశారని తెలిసినా, అంతసేపు మోకాళ్ళ మీద ఎవరు దేకుతారు చెప్పండి? అందుకే నమ్మాను. ఒకసారి పది చుట్లకి ఫోను పదింపావు కిలోమీటర్లు చూపిస్తే, గోడల పక్కన ఫోను తప్పు చూపిస్తుందని మా ఆయన అన్నాడు. మర్నాటి నుంచీ ఫోను తీసుకురావడం మానేశాడు. దానికీ నేను మారుమాట అనలేదు.

లేచి నిలబడ్డాను. తొడలు భగ్గుమన్నాయి.

"మామయ్యా, మన దుకాణం పొడవెంత?" అన్నాను.

"ఇరవై ఐదు అడుగులు. నేనే దగ్గరుండి కట్టించాను. ఏం, ఇందులో కూడా పరిగెత్తుతావా?"

"ఒకసారి కొలవండి. రోడ్డు కొలిచినట్టే, కింద కూర్చుని, సుద్దతో."

నా గొంతులో ఏం వినిపించిందో, ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. పనీపాటా లేదా అన్నారు. గుండీలు కుట్టమంటే తన కొలతలకి పరీక్షలు పెడతావా అన్నారు. నలభై ఏళ్ళలో తన టేపుని అనుమానించినవాడు ఈ గడప ఎక్కలేదన్నారు. నేను కదల్లేదు. అద్దాలతను గాజుపలక గోడకి ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతనికి మాంచి కాలక్షేపం దొరికింది.

"కొలిచి మొహాన కొట్టండి మాస్టారూ," అన్నాడు, ఎగదోస్తూ.

ఆయన మెడలోంచి టేపు లాగి వాకిలి దగ్గర గొంతుక్కూర్చున్నారు. టేపు పరుస్తూ, నన్ను చూస్తూ, తిడుతూ ఉన్నారు. నోరు నాతో పోట్లాడుతుంటే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. టేపు చివర రెండు వేళ్ళు, వేళ్ళ అవతల సుద్దగీత. మళ్ళీ టేపు, మళ్ళీ రెండు వేళ్ళు. నాలుగు టేపులు అయ్యాయి. ఐదోది వెనక గోడకి తగిలేసరికి యాభై నాలుగు దగ్గర ఆగింది. ఆయన పైకి లెక్కపెట్టారు. ఇరవై నాలుగు అడుగుల ఆరు అంగుళాలు.



"అరడుగు ఎవరెత్తుకెళ్ళారు మామయ్యా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నారు. నేల మీద నాలుగు గీతలున్నాయి. నేను కత్తిరింపు బల్ల మీది ఇనుప స్కేలు తెచ్చి, మొదటి టేపు ఆగినచోటుకీ గీతకీ మధ్య పెట్టాను. ఒకటిన్నర. రెండోదీ అంతే. మూడోది పెట్టబోతుంటే ఆయన నా చేతిలోంచి స్కేలు లాక్కున్నారు. మూడోదీ నాలుగోదీ తనే కొలుచుకున్నారు. తర్వాత తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు.

నాకు జాలి కలగలేదు. కలిగిందని చెబితే అబద్ధమే. సుద్ద తీసుకుని కత్తిరింపు బల్ల మీదే లెక్క వేశాను. ఆరువందల యాభై ఆరు టేపులు, టేపుకి ఒకటిన్నర అంగుళం. చుట్టుకి ఎనభై రెండు అడుగులు ఎక్కువ. ఇరవై చుట్లకి పదహారు వందల నలభై అడుగులు. అంటే అర కిలోమీటరు. నేను ఐదు నెలలుగా అందరి ముందూ ఆయాసపడుతూ, నెమ్మది అనిపించుకుంటూ, కిలోమీటరు కానిదాన్ని కిలోమీటరనుకుని పరిగెత్తాను. నిన్న నేను పరిగెత్తింది ఇరవైన్నర. కిలోమీటరు ఏడున్నర నిమిషాల చొప్పున అర కిలోమీటరుకి దాదాపు మూడు ముప్పావు నిమిషాలు. తీసేస్తే రెండు గంటల ఇరవై తొమ్మిది.

ఆ అంకె రాసేటప్పుడు సుద్ద విరిగింది.

మాస్టరు ఆ లెక్క మూడుసార్లు చేశారు. నేను వేసింది చెరిపేసి తన చేత్తో మళ్ళీ వేశారు. ఒకసారి కింద నుంచి పైకి కూడా వేశారు. ఎలా వేసినా మారలేదు. అప్పుడు కొక్కేలు అందుకునే పొడుగు కర్ర తీసుకుని, బూట్లు దించి, పెద్ద కత్తెరతో పిన్ను కింద లేసు తెగకుండా టోకెను చీటీ కత్తిరించారు. బూట్లు నా ముందు బల్ల మీద పడేశారు.

"రెండు ఇరవై తొమ్మిది. గెలిచావు. రేపటితో గడువు, వెళ్ళి ఫారం ఇచ్చిరా," అన్నారు. "నువ్వు పరిగెత్తడం నాకు ఈ రోజుకీ ఇష్టం లేదు. కానీ నా టేపు తప్పుతో నువ్వు ఆగిపోకూడదు. ఆ మాట నామీదుంటే నేను కత్తెర పట్టుకోలేను."

తప్పయిపోయిందనలేదు. అంటారని నేనూ ఎదురుచూడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో ఆయన్ని ద్వేషిస్తూనే గౌరవించాను. రెండూ ఒకేసారి చేయడం ఎంత కష్టమో కోడళ్ళకి తెలుస్తుంది.

కానీ ఆయన కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. కాజాల మిషను వైపు తిరిగారు. రెండు ఆదివారాలు తన వెనకాలే ఉన్నావే, నోటుబుక్కులో గీతలు గీశావే, నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు అని ఆడపడుచుని కడిగేశారు. నలుగురిలో తన పరువు తీయడానికే పుట్టావన్నారు. అద్దాలతనూ, పోస్ట్‌మానూ ఇక బాగోదని గుమ్మం వైపు జరిగారు గానీ బయటికి మాత్రం వెళ్ళలేదు. ఆ పిల్ల తండ్రి ముందు నోరెత్తడం నేనెప్పుడూ చూడలేదు. తల వంచుకుని కాజాలు లెక్కపెట్టుకుంటున్నట్టు కూర్చుంది. కళ్ళల్లోంచి టపటపా నీళ్ళు యూనిఫాం చొక్కా మీద పడ్డాయి.

"నేను చూశాను నాన్నా," అంది.

మాస్టరు ఆగిపోయారు.

"మొదటి ఆదివారమే చూశాను. నువ్వు రెండేసి వేళ్ళు వదులుతున్నావని. నీకు చెబితే తిడతావని భయమేసింది. అందుకని ఆ రోజే ఇంటికెళ్ళి అన్నయ్యకి చెప్పాను. నేను చూసుకుంటాలే, వదినకి నేనే చెబుతాలే అన్నాడు." ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది. "చెప్పాడనే అనుకున్నాను వదినా. తెలిసే పరిగెత్తుతున్నావనుకున్నాను."

నేను ఇస్త్రీ బల్ల వైపు తల తిప్పడానికి కొంత సమయం పట్టింది. తిప్పేలోపే నాకు అన్నీ గుర్తొచ్చేశాయి. ఫోను చూపించిన పదింపావు. మర్నాటి నుంచీ ఇంట్లోనే ఉండిపోయిన ఆ ఫోను. గీత దగ్గర నీళ్ళ సీసా. ఐదు నెలలు, వారానికి నాలుగు రోజులు, నేను దాటిన ప్రతిసారీ "ఇంకొంచెం, ఇంకొంచెం". ఆ ఇంకొంచెం ఎంతో ఆయనకి అంగుళాలతో సహా తెలుసు.

మామగారు నన్ను ఇన్ని మాటలన్నారు, ఒక్కటీ చాటుగా అనలేదు. నాకు ఎదురుగా నిలబడే అడ్డుపడ్డారు. ఈయన నాకు నీళ్ళు తాగించాడు.

మా ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టాడు. చొక్కా కాలరు సరిచేశాడు. మడత పెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడత పెట్టాడు. మోకాలి సంగతి ఏదో గొణిగాడు. నేనొక్కదాన్నే పరిగెత్తి ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టుండేదని, ఆదివారం అయిపోతే అంతా మామూలైపోతుందని అనుకున్నాడట. మాస్టరు కూడా కొడుకు వంకే చూస్తున్నారు. ఆయన చేతిలో కత్తెర ఇంకా తెరిచే ఉంది.

నేను కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కున్నాను. రెండు లేసులూ బిగించి ముడేశాను. గుండీల డబ్బా అడుగు నుంచి ఫారం తీసి జేబులో పెట్టుకున్నాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఏనాడూ మా ఆయన్ని 'మీరు' తప్ప ఇంకోలా పిలవని నోరు, ఆ రోజు దాని ఇష్టం వచ్చినట్టు అంది.

"నాకెప్పుడు చెబుదామనుకున్నావు నువ్వు?"



"బుధవారం," అన్నాడు.